గడ్డ ముక్కకి ఏ టెస్టు: ఒక్క జీన్ చాలా, పెద్ద ప్యానెల్ కావాలా, రక్తంతో సరిపోతుందా?

బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఆంకాలజిస్టు ‘మాలిక్యులర్ టెస్టులు చేయించండి’ అని చీటీ రాసిచ్చారు, అంటే గడ్డ జీన్లలో, ప్రొటీన్లలో ఏ మార్పులున్నాయో చూసే టెస్టులు. అది పట్టుకుని నాలుగు ల్యాబులకు ఫోన్ చేస్తే ఒకరు కొన్ని వేల రూపాయల్లో అయిపోతుందంటారు, ఇంకొకరు ఐదు వందల జీన్లు ఒకేసారి చూస్తామని దానికి ఎన్నో రెట్లు చెబుతారు, మూడో ఆయన అసలు ముక్కే అక్కర్లేదు, రక్తం ఇస్తే చాలంటాడు. ఈలోగా డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు ‘ఎన్‌జీఎస్ (ఎన్నో జీన్లని ఒకేసారి చదివే టెస్టు) చేయించకుండా కీమో మొదలుపెట్టకండి’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు. ఇంట్లో ఇక ఒకటే టెన్షన్.

ఈ ముక్కలు చూసి, వాటి డీఎన్‌ఏ చదివి, రిపోర్టు మీద సంతకం పెట్టే పనిలో ఉన్నాను. కుటుంబాలు అడిగేది ఎప్పుడూ ‘ఏది మంచి టెస్టు’ అనే. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు దొరికే ప్రశ్నలు రెండున్నాయి. ఈ టెస్టు ఫలితం వస్తే ఇవ్వబోయే మందు మారుతుందా? తీసిన ముక్క ఆ టెస్టుకి సరిపోతుందా? ఈ రెండూ తేలాక ధర, టైమ్ చూసుకోవాలి. చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు, లేదా జీన్ల లెక్క దగ్గర.

ముందు ముక్క సంగతి

ఊపిరితిత్తి గడ్డలోంచి సూదితో తీసినవి చూస్తే తెగిన సేమ్యా పోగుల్లా ఉంటాయి, అంతే. అందులో కూడా కొంత మామూలు కణజాలం, కొంత రక్తం, కొంత చచ్చిపోయిన భాగం. ఆ ముక్కల్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసి బ్లాక్ చేస్తారు. బ్లాక్ నుంచి నాలుగైదు మైక్రాన్ల మందంతో పొరలు కోసి స్లైడ్ల మీదకి ఎక్కిస్తారు. ఒక స్లైడ్‌కి మామూలు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసి, క్యాన్సర్ కణాలు గుంపుగా ఉన్న చోటు చుట్టూ పెన్నుతో గీత గీస్తాం. రంగు వేయని మిగతా స్లైడ్ల మీద ఆ గీతకి సరిపడే భాగాన్ని మాత్రమే గీకి డీఎన్‌ఏ తీస్తారు. అందులో క్యాన్సర్ కణాలు ఎంత శాతం ఉన్నాయో మేం అంచనా వేసి రాస్తాం. చాలా ఎన్‌జీఎస్ ల్యాబులు కనీసం 20 శాతం అడుగుతాయి. అంతకంటే తక్కువ ఉంటే మ్యూటేషన్, అంటే జీన్‌లో మార్పు, ఉన్నా కనబడకపోవచ్చు, అప్పుడు వచ్చే ‘నెగెటివ్’కి విలువ లేదు. మెషీన్ ఎన్ని కోట్లదైనా ఈ గీత తప్పు చోట గీస్తే అది చదివేది పేషెంటు మామూలు కణాల డీఎన్‌ఏనే.

ఇంకో విషయం ల్యాబు బయట ఎవరికీ తెలియదు. బ్లాక్‌ని కోత మెషీన్ మీద పెట్టిన ప్రతిసారీ పైభాగం సమంగా వచ్చేదాకా కొంత కోసి పారేయాల్సిందే. ఈ వారం ఒక టెస్టు, అది నెగెటివ్ వచ్చాక వచ్చే వారం ఇంకో టెస్టు, ఆ తర్వాత మూడోది అని విడతలవారీగా వెళ్తే చిన్న ముక్క టెస్టులకంటే ఈ చెక్కుడుకే ఎక్కువ ఖర్చయిపోతుంది. అందుకని ముక్క చిన్నదైతే ‘కావాల్సిన స్లైడ్లన్నీ ఒకేసారి కోసి పెట్టండి’ అని డాక్టరు గారి చేత ల్యాబుకి చెప్పించండి. దీనికి పెద్దగా ఖర్చుండదు, కానీ రెండో బయాప్సీ తప్పే అవకాశం బాగా పెరుగుతుంది.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి తీయించుకున్నవాళ్లు ఆ నీటిని పారబోయనివ్వకండి. అందులో క్యాన్సర్ కణాలుంటే వాటిని వేరుచేసి సెల్ బ్లాక్ చేయొచ్చు, దాని మీద మామూలు బ్లాక్ మీద చేసే టెస్టులు దాదాపు అన్నీ చేయొచ్చు. చిన్న సీసాడు పంపి మిగతాది పారబోస్తుంటారు, వీలైనంత ఎక్కువ పంపమని అడగండి.

ఎముకలోంచి ముక్క తీస్తుంటే ముందే ఒక మాట చెప్పాలి. ఎముక కోతకి రావాలంటే దాన్ని మెత్తబరచాలి, దానికి చాలాచోట్ల గట్టి యాసిడ్ వాడతారు, ఆ యాసిడ్ డీఎన్‌ఏని పాడుచేస్తుంది. జీన్ టెస్టు ఉందని ముందే తెలిస్తే ఈడీటీఏ అనే రసాయనంతో నెమ్మదిగా మెత్తబరుస్తారు. వేరే చోట నుంచి ముక్క తీసే వీలుంటే అదే మేలు. ఫార్మలిన్ విషయానికొస్తే 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలన్నది రొమ్ము క్యాన్సర్ టెస్టులకి పాటించే నియమం, మిగతావాటికీ మంచిదే. చిన్న ఊళ్లో శనివారం సాయంత్రం తీసిన ముక్క సెలైన్‌లో వేసి సోమవారం హైదరాబాద్ పంపితే ఏ టెస్టూ కాపాడలేదు.

ఇక టెస్టుల మధ్య తేడా

ఐహెచ్‌సీ అంటే కణంలో ఫలానా ప్రొటీన్ ఉందో లేదో రంగు పడేలా చేసి చూడటం. చవక, ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది, కొద్ది కణాలున్నా సరిపోతుంది. పీడీ-ఎల్1 (ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందులు, పనిచేస్తాయేమో అంచనా వేయడానికి చూసే ప్రొటీన్) చూడటానికి వాడే టెస్టుల్లో కనీసం 100 బతికున్న క్యాన్సర్ కణాలు అడుగుతారు, అంతే. దీన్ని ‘పాత టెస్టు’ అని తీసిపారేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏఎల్‌కే ఫ్యూజన్‌కి (ఏఎల్‌కే జీన్ తెగి ఇంకో జీన్‌కి అతుక్కోవడం) డీ5ఎఫ్3 అనే యాంటీబాడీతో గట్టిగా రంగు పడిందంటే ఇంకే నిర్ధారణా లేకుండా మందు మొదలుపెట్టొచ్చు. ఆర్ఓఎస్1 ఫ్యూజన్ సంగతి అలా కాదు, ఐహెచ్‌సీలో పాజిటివ్ వస్తే ఫిష్‌తోనో ఎన్‌జీఎస్‌తోనో నిర్ధారించుకోవాల్సిందే.

ఫిష్ అంటే క్రోమోజోమ్ మీద ఒక చోట అంటుకునే మెరిసే రంగు ప్రోబులు వేసి, చీకటి గదిలో కూర్చుని ఒక్కో కణంలో చుక్కలు లెక్కపెట్టడం. ఒక టెస్టుకి ఒక జీన్. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రొటీన్‌కి చేసిన ఐహెచ్‌సీ 2+ దగ్గర, అంటే అటూ ఇటూ తేలకుండా, ఆగిపోతే తేల్చేది ఇదే. అంతకుమించి ఇవాళ దీన్ని మొదటి టెస్టుగా ఎంచుకోవాల్సిన సందర్భాలు తక్కువే.

పీసీఆర్ ముందే తెలిసిన చోట్లలో, ముందే తెలిసిన మార్పులున్నాయా అని వెతుకుతుంది. కొన్ని రోజుల్లో, కార్ట్రిడ్జ్ మెషీన్ ఉన్నచోట కొన్ని గంటల్లోనే జవాబిస్తుంది, క్యాన్సర్ కణాలు తక్కువున్నా తట్టుకుంటుంది. లోపం కూడా అక్కడే, కిట్‌లో లేని మార్పు దానికి కనబడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చూసే ఈజీఎఫ్ఆర్ జీన్ మార్పుల్లో ఎక్సాన్ (జీన్‌లో ఒక భాగం) 19 డిలీషన్, ఎల్858ఆర్ అనే రెండే మొత్తంలో ఎనభై ఐదు తొంభై శాతం దాకా ఉంటాయి, వాటిని పీసీఆర్ చక్కగా పట్టుకుంటుంది. ఎక్సాన్ 20లో జరిగే చొప్పింపులు రకరకాలుగా ఉంటాయి, వాటిలో చాలా వాటిని కిట్లు వదిలేస్తాయి.

ఎన్‌జీఎస్ అంటే ఎన్నో జీన్లని ఒకేసారి అక్షరం అక్షరం చదవడం. రెండు మూడు వారాలు పడుతుంది, ఖర్చు ఎక్కువ. ఇందులో కొనేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది: డీఎన్‌ఏ మాత్రమేనా, ఆర్‌ఎన్‌ఏ కూడా చూస్తారా? ఏఎల్‌కే, ఆర్ఓఎస్1, ఆర్‌ఈటీ, ఎన్‌టీఆర్‌కే లాంటివి ఫ్యూజన్లు, అంటే రెండు జీన్లు తెగి ఒకదానికొకటి అతుక్కోవడం. ఆ తెగే చోటు పొడవాటి ఇంట్రాన్లలో (జీన్‌లో ప్రొటీన్ తయారీకి వాడని భాగాలు) ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి డీఎన్‌ఏ ఒక్కటే చదివితే కొన్ని తప్పిపోతాయి, ఆర్‌ఎన్‌ఏలో నేరుగా దొరుకుతాయి. ఐదు వందల జీన్ల డీఎన్‌ఏ ప్యానెల్ కంటే యాభై జీన్లు, దాంతోపాటు ఆర్‌ఎన్‌ఏ ఉన్న ప్యానెల్ ఊపిరితిత్తుల పేషెంటుకి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ధరల పట్టికలో మాత్రం ఐదు వందలే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

రక్తం టెస్టు, అదే లిక్విడ్ బయాప్సీ, గడ్డ నుంచి రక్తంలోకి రాలిన డీఎన్‌ఏ తునకల్ని చదువుతుంది. గడ్డ ఎంత రాలిస్తే అంత దొరుకుతుంది. ఒళ్లంతా పాకినప్పుడు, ముఖ్యంగా కాలేయంలోకి వెళ్లినప్పుడు, బాగా దొరుకుతుంది. జబ్బు ఛాతీలోనే చిన్నగా ఉంటేనో, ఒక్క మెదడులోనే ఉంటేనో తరచూ ఏమీ దొరకదు. అందుకే ఇందులో పాజిటివ్‌ని నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే మాత్రం ‘లేదు’ అని కాదు, ‘తెలియలేదు’ అని చదువుకోవాలి. పాజిటివ్‌లో కూడా ఒక మెలిక ఉంది. వయసు పైబడిన వాళ్ల తెల్ల రక్తకణాల్లో వాటంతట అవే కొన్ని మ్యూటేషన్లు పుడతాయి, డీఎన్‌ఎంటీ3ఏ, టీపీ53, జేఏకే2 లాంటి జీన్లలో. అవి గడ్డవి కావు. ఆ తేడా గమనించని రిపోర్టు చూసి మందు మార్చేస్తే కష్టం. రక్తం తీసే ట్యూబు కూడా ముఖ్యమే. కణాలు పగలకుండా కాపాడే ప్రత్యేకమైన ట్యూబులో తీస్తే కొరియర్‌లో కొన్ని రోజులు ఆగుతుంది, మామూలు ఈడీటీఏ ట్యూబులో తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరు చేయాలి.

ఊపిరితిత్తుల క్యాన్సర్: ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే

2004లో ఈజీఎఫ్ఆర్ మ్యూటేషన్లున్న వాళ్లకే జెఫిటినిబ్ అనే మాత్ర బాగా పనిచేస్తోందని బయటపడింది, 2007లో ఏఎల్‌కే ఫ్యూజన్ దొరికింది, అక్కడి నుంచి వరసగా ఆర్ఓఎస్1, బీఆర్‌ఏఎఫ్, ఎంఈటీ, ఆర్‌ఈటీ, ఎన్‌టీఆర్‌కే, కేఆర్‌ఏఎస్ జీ12సీ, హెర్2. ఒక్కోదానికి మందు వచ్చింది. మన దేశంలో అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) పేషెంట్లలో సుమారు నాలుగో వంతు మందికి, కొన్నిచోట్ల అంతకుమించి, ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. తెల్లజాతి పేషెంట్లలో కంటే ఇది బాగా ఎక్కువ. సిగరెట్ తాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. ‘మా అమ్మకి ఏ అలవాటూ లేదండీ, ఎలా వచ్చింది’ అని అడిగే కుటుంబాలకి నేను చెప్పే మొదటి మాట, అలాంటివాళ్లలోనే మాత్రతో లొంగే రకం దొరికే అవకాశం ఎక్కువ, టెస్టు చేయించకుండా వదలొద్దని.

నాలుగో స్టేజీ అడినోకార్సినోమా, ముక్క బాగుంది, డబ్బుకి పర్వాలేదు, పేషెంటు రెండు మూడు వారాలు ఆగగలరు అంటే, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ ఉన్న ఎన్‌జీఎస్, దాంతోపాటు పీడీ-ఎల్1 ఐహెచ్‌సీ. ఇందులో పెద్దగా ఆలోచించేదేమీ లేదు.

పేషెంటు ఆయాసంతో ఉన్నారు, ఆగలేరు అంటే ఈజీఎఫ్ఆర్ పీసీఆర్, ఏఎల్‌కే ఐహెచ్‌సీ వెంటనే పంపండి, ఎన్‌జీఎస్‌కి కావాల్సిన స్లైడ్లు కూడా అప్పుడే కోయించి పక్కన పెట్టించండి. ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ వచ్చిందా, అక్కడితో ఆగొచ్చు, ఎందుకంటే ఈ మార్పులు మామూలుగా ఒకటుంటే ఇంకోటి ఉండదు. రెండూ నెగెటివ్ వస్తే అప్పుడు ఎన్‌జీఎస్‌కి వెళ్లండి.

డబ్బు నిజంగా ఇబ్బంది అయినప్పుడు ఈజీఎఫ్ఆర్ పీసీఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 ఐహెచ్‌సీలతో ఆపడం తప్పేమీ కాదు. మనకి అందుబాటులో ఉన్న మందులతో జీవితం మారే పేషెంట్లలో ఎక్కువమంది ఈ మూడింటిలోనే దొరుకుతారు. ‘మందు కొనలేం, టెస్టెందుకు’ అనేవాళ్లు కూడా ఈజీఎఫ్ఆర్ వదలకండి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ జనరిక్‌లు మన దగ్గర తక్కువ ధరకే వస్తున్నాయి. ఈజీఎఫ్ఆర్‌కే వాడే కొత్త మాత్ర ఓసిమెర్టినిబ్ ఖరీదే, 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో అదొకటి, కంపెనీల సహాయ పథకాలు ఉంటాయేమో ఆసుపత్రిలో అడగండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుతో వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లినా సరే, ఏ టెస్టు పథకంలోకి వస్తుంది, ఏది చేతి డబ్బు అన్నది బయట ల్యాబుకి పరిగెత్తేముందే అక్కడి సిబ్బందిని, ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పీడీ-ఎల్1 ఐహెచ్‌సీ రెండు రోజుల్లో వస్తుంది, ఎన్‌జీఎస్ రెండు మూడు వారాలు. పీడీ-ఎల్1 ఎక్కువుంది కదా అని ఆ మధ్యలో ఇమ్యునోథెరపీ మొదలుపెట్టమని తొందర పెట్టకండి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే ఉన్నవాళ్లలో పీడీ-ఎల్1 ఎంత ఉన్నా ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇస్తే పెద్దగా పనిచేయదు. పైగా అది ఇచ్చిన కొద్దికాలానికే ఓసిమెర్టినిబ్ ఇస్తే ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, ఇది 2019 నుంచి తెలిసిన సంగతే. ఆగలేని పరిస్థితైతే ఒక సైకిల్ కీమో ఒక్కటే ఇచ్చి ఫలితం కోసం చూడటం చాలామంది ఆంకాలజిస్టులు చేసేదే, మీ డాక్టరు గారిని అడగండి.

ముక్క అసలు సరిపోలేదు, మళ్లీ సూది గుచ్చడం ప్రమాదం అన్నారు. లిక్విడ్ బయాప్సీకి సరైన చోటు ఇదే. ఇంకో చోటు, జెఫిటినిబ్ లాంటి పాత మాత్ర వాడుతూ జబ్బు మళ్లీ పెరిగినప్పుడు. అలాంటివాళ్లలో సగం మందికి పైగా టీ790ఎం అనే కొత్త మార్పు వస్తుంది, అది రక్తంలో దొరికితే బయాప్సీ బాధ తప్పి ఓసిమెర్టినిబ్‌కి మారొచ్చు. ఓసిమెర్టినిబ్ వాడుతుండగా పెరిగితే మాత్రం నేను ముక్కకే ఓటేస్తాను. కొందరిలో గడ్డ తన రకాన్నే మార్చుకుని స్మాల్ సెల్ క్యాన్సర్‌గా తయారవుతుంది. దానికి ఇచ్చే కీమో పూర్తిగా వేరు, ఆ మార్పుని నమ్మకంగా తేల్చేది మైక్రోస్కోపే.

ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు, ఇక టెస్టెందుకు అనుకోకండి. ఆపరేషన్ తర్వాత ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్లకి ఓసిమెర్టినిబ్, ఏఎల్‌కే ఉన్నవాళ్లకి అలెక్టినిబ్ ఇచ్చే పద్ధతి వచ్చింది. స్టేజీని బట్టి ఈ రెండూ చూడాలి, ఐదు వందల జీన్లు అక్కర్లేదు.

రొమ్ము, పెద్దపేగు, అండాశయం, మెదడు

రొమ్ము క్యాన్సర్ మొదటి దశలో ఎన్‌జీఎస్ అమ్మజూపితే మర్యాదగా వద్దనండి. ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకి స్పందిస్తుందో చెప్పే ప్రొటీన్లు), హెర్2 ఐహెచ్‌సీ సరిగ్గా చేయించుకోవడం దానికంటే వంద రెట్లు ముఖ్యం. హెర్2 రిపోర్టులో 0, 1+, 2+, 3+ ఏదో స్పష్టంగా రాయించుకోండి, ఉత్త ‘నెగెటివ్’ అని రాస్తే ఒప్పుకోకండి. 2022 నుంచి, వేరే అవయవాలకి పాకినవాళ్లలో 1+ ఉన్నవాళ్లకీ, ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+ వాళ్లకీ ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు ఒక దారి అయింది. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్, గడ్డ చిన్నది, కీమో కావాలా వద్దా అన్నదే సందేహం అయితే, అప్పుడు జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని అంచనా వేసే ఆంకోటైప్ డీఎక్స్ లాంటి టెస్టు. దానికి బ్లాక్ అమెరికా వెళ్తుంది, ఖరీదు. బెంగళూరులో తయారైన కాన్‌అసిస్ట్ బ్రెస్ట్ దానికంటే చవక, కానీ ఆంకోటైప్ వెనక ఉన్నంత పెద్ద పరిశోధన దాని వెనక లేదు. ఫలితం ఎలా వచ్చినా కీమో తీసుకోవాలనో, ఎలా వచ్చినా వద్దనో ఇంట్లో ముందే తేల్చేసుకున్నవాళ్లకి ఈ రెండూ దండగే.

పెద్దపేగులో ఎవరికైనా సరే ఎంఎంఆర్ ఐహెచ్‌సీ చేయించండి. ఇందులో చూసేవి డీఎన్‌ఏ తప్పుల్ని సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రొటీన్లు. చవకైన ఈ టెస్టు ఒక్కటే రెండు పనులు చేస్తుంది. పాకిన జబ్బులో ఇమ్యునోథెరపీ పనిచేసేవాళ్లని చూపిస్తుంది, కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే లించ్ సిండ్రోమ్ గురించి హెచ్చరిస్తుంది. ఎంఎల్‌హెచ్1 లేకుండా వచ్చి, బీఆర్‌ఏఎఫ్ వీ600ఈ ఉందంటే అది చాలావరకు వంశంలోది కాదు, పిల్లల్ని బెదరగొట్టనక్కర్లేదు. నాలుగో స్టేజీలో సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చేముందు కేఆర్‌ఏఎస్, ఎన్‌ఆర్‌ఏఎస్ జీన్లు చూడటం తప్పనిసరి, అవి మారి ఉంటే ఆ మందు పనిచేయదు. దీనికి పీసీఆర్ సరిపోతుంది, చిన్న ఎన్‌జీఎస్ అదే ధరకి దొరికితే అదింకా మేలు.

అండాశయ క్యాన్సర్‌కి బీఆర్‌సీఏ జీన్ల టెస్టు. రక్తంతోనా ముక్కతోనా అని అడుగుతారు. రక్తంలో చూస్తే పుట్టుకతో వచ్చినది తెలుస్తుంది, అది కూతుళ్లకీ అక్కచెల్లెళ్లకీ కూడా పనికొచ్చే సమాచారం, పెద్ద తునకలు ఎగిరిపోయిన రకాలు కూడా రక్తంలో బాగా దొరుకుతాయి. గడ్డలో మాత్రమే పుట్టిన మార్పు ముక్కలోనే దొరుకుతుంది. ఒకటే చేయించగలిగితే ముందు రక్తం, నెగెటివ్ వస్తే ముక్క. రక్తం ఇచ్చేముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి. ఆ తర్వాత ‘చెల్లెలికి చెప్పాలా, పెళ్లి సంబంధాలు చెడిపోతాయేమో’ అనే మాటలు ప్రతి ఇంట్లో వస్తాయి, అవి ముందే మాట్లాడుకుంటే మంచిది.

మెదడు గడ్డల్లో మందు మాట అటుంచితే, 2021 డబ్ల్యూహెచ్‌వో వర్గీకరణ తర్వాత జబ్బు పేరు పెట్టడానికే మాలిక్యులర్ కావాలి. ఐడీహెచ్1 జీన్‌లో ఆర్132హెచ్ అనే మార్పుని పట్టే ఐహెచ్‌సీతో మొదలుపెడితే ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు తొంభై శాతం పట్టేస్తాం. యాభై ఐదు లోపు వయసువాళ్లలో అది నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ చేయాలి.

మరి పెద్ద ప్యానెల్ ఎప్పుడు?

అరుదైన గడ్డలు, సార్కోమాలు (ఎముక, కండరం లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు), ఎక్కడ పుట్టిందో తెలియని క్యాన్సర్, చిన్న వయసు, మామూలు ట్రీట్‌మెంట్లన్నీ అయిపోయినా పేషెంటు తిరుగుతూ ఓపికగా ఉండటం. వీళ్లకి నేను పెద్ద ప్యానెలే చెబుతాను. లాలాజల గ్రంథిలో సెక్రెటోరీ కార్సినోమా అనే అరుదైన రకంలో ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, దానికి లారోట్రెక్టినిబ్ 2018లో వచ్చింది. అలాంటి ఒక్క పేషెంటు దొరికినా ఆ ఖర్చుకి అర్థం ఉంది. కానీ చాలామందికి పెద్ద ప్యానెల్‌లో అదనంగా వచ్చేది టీపీ53 మార్పు, దానికి మందు లేదు, ఇంకా ‘అర్థం తెలియని మార్పులు’ అని ఒక పేజీ. ఆ పేజీ చూసి నిద్ర పోనివాళ్లు ఉన్నారు. దాన్ని బట్టి ఏ మందూ మార్చరు, బంధువులకి టెస్టులూ చేయించరు. రిపోర్టులో మార్పుల్ని నాలుగు అంతస్తులుగా విడదీస్తారు, మీకు కావాల్సింది మొదటి అంతస్తు, కొంతవరకు రెండోది.

ల్యాబుని ఎంచుకునేటప్పుడు

ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అనడం ఒక్కటే సరిపోదు, ఈ ఫలానా టెస్టుకి ఉందా అనాలి. గుర్తింపు టెస్టుల వారీగా ఉంటుంది, బోర్డు మీద మాత్రం అందరూ ముద్ర వేసుకుంటారు. రిపోర్టు మీద పాథాలజిస్టు సంతకం ఉంటుందా, క్యాన్సర్ కణాల శాతం రాస్తారా, ఎన్నిసార్లు చదివారో ఆ లోతు రాస్తారా, ముక్క పనికిరాకపోతే డబ్బు తిరిగిస్తారా, లేక రక్తంతో చేసిస్తారా. డబ్బు కట్టకముందే ఇవన్నీ అడగండి. శాతం రాయని నెగెటివ్ రిపోర్టు నా ముందుకొస్తే నేను స్లైడ్ తెప్పించుకుని మళ్లీ చూస్తాను. మీ ఆంకాలజిస్టు చేత కూడా అలాగే చూపించండి. ఆసుపత్రిలో ట్యూమర్ బోర్డు (రకరకాల డాక్టర్లు కలిసి కేసులు చర్చించే సమావేశం) ఉంటే పాథాలజిస్టు అందులో కూర్చుంటారు, మీ కేసు అక్కడ పెట్టించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ల్యాబు ఏజెంటు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తానంటే మాత్రం డాక్టరు చీటీలో ఆ టెస్టు ఉందో లేదో చూసుకున్నాకే చెయ్యి చాపండి.

టెస్టు అయ్యాక మిగిలిన బ్లాక్ వెనక్కి తీసుకోండి, స్లైడ్లు కూడా. రెండేళ్ల తర్వాత కొత్త మందు వస్తే అదే బ్లాక్ కావాలి, అప్పటికి ల్యాబు మారిపోయి ఉండొచ్చు, ఊరు మారిపోయి ఉండొచ్చు. దరఖాస్తు రాసిస్తే ఇస్తారు. కవర్ మీద పేరు, బయాప్సీ నంబరు, తేదీ రాసి, రిపోర్టు కాపీతో కలిపి ఇంట్లో చల్లగా ఉండే బీరువాలో పెట్టండి, ఫ్రిజ్ అవసరం లేదు. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరిగిపోతుంది.